మూడో అంతస్తులో కెమిస్ట్రీ

ఆ రోజు సాయంత్రం నాలుగు గంటలలోగా స్వరూప కాలేజీకి వెళ్లి సంతకం చేయకపోతే ఆన్‌లైన్‌లో వచ్చిన బీఎస్సీ సీటు పోతుంది. అందుకే ఉదయం ఏడింటికే లక్డారంలో ఆటో ఎక్కాం. స్వరూపకు పుట్టుకతోనే రెండు కాళ్లలో పట్టు లేదు. చంకకర్రల మీద నడుస్తుంది. తండ్రి లేడు. తల్లి యాదమ్మ మందుల ఫ్యాక్టరీలో సీసాలు కడుగుతుంది, మానితే ఆ రోజు కూలి పోతుంది. హైస్కూల్లో ఆ పిల్లకు సైన్సు చెప్పి, రిటైరై ఖాళీగా ఉన్నవాణ్ని కాబట్టి నేను తోడు వెళ్లాను. ఫీజు నేనూ, నాతో పనిచేసిన ముగ్గురు టీచర్లూ కలిసి కడతామన్నాం. కెమిస్ట్రీయే చదవమని పట్టుబట్టింది కూడా నేనే.

ఆటోకు మనిషికి ఇరవై. ఏడుంబావుకు హైవే మీద దిగాం. సంగారెడ్డి బస్సు మమ్మల్ని దాటిపోయి చాలా దూరంలో ఆగింది. స్వరూప నాలుగడుగులు వేసేసరికి కదిలిపోయింది. రెండోదీ అంతే. మూడోదానికి నేను రోడ్డు మీదికి వెళ్లి చేతులు అడ్డం పెట్టాను. అప్పటికి ఎనిమిదిన్నర. కండక్టరమ్మ దిగివచ్చి కర్రలు అందుకుంది.

"జెర జరుగుండ్రి, పిల్ల ఎక్కుతాంది!"

నైట్ షిఫ్టు దిగి వస్తున్న ఒడిశా కార్మికుడొకడు "బైఠో బహన్" అంటూ లేచి సీటిచ్చాడు. పక్క సీట్లోని పెద్దావిడ కర్రల వంక చూసింది. "పింఛన్ వస్తలేదా బిడ్డా? మల్ల ఈ సదువెందుకు, పరేషాన్ గాకుంటె?"

"పింఛన్‌తోని కడుపు నిండుతది పెద్దమ్మా. దినమంత ఏం జెయ్యాలె?" అంది స్వరూప.

తొమ్మిదిన్నరకు సంగారెడ్డి బస్టాండులో ఇడ్లీ తిన్నాం. స్వరూప నీళ్లు ముట్టలేదు. ఎందుకని అడిగితే, "కాలేజీల బాత్రూం ఎట్లుంటదో సారూ" అని తల దించుకుంది.

పదింటికల్లా కాలేజీ చేరాం. క్లర్కు కాగితాలు చూశాడు, తర్వాత కర్రలు చూశాడు. "సైన్స్ ల్యాబులన్నీ మూడో అంతస్తుల ఉన్నయ్ సార్. లిఫ్ట్ లేదు. బీఏ కిందనే ఉంటది. ఇయ్యాల మార్సుకోవచ్చు."

నేను ప్రిన్సిపాల్ గదికి వెళ్లి గొడవపడ్డాను. ఆయన చెడ్డవాడు కాదు. పాఠాలు కింద చెప్పిస్తానన్నాడు. ల్యాబును మాత్రం కిందికి తేలేనన్నాడు. బయటికి వచ్చేసరికి స్వరూప మెట్ల దగ్గర ఉంది.

"ఒక్కపారి సూసొస్త సార్."

కర్రలు నా చేతికిచ్చి, మెట్లకు వీపు పెట్టి కూర్చుంది. వెనక మెట్టు మీద అరచేతులు ఆనించి ఒళ్లు పైకి లేపుకుంది. మెట్టు తర్వాత మెట్టు. దిగివచ్చే విద్యార్థులు గోడకు అతుక్కుపోయారు. ఒకడు ఫోన్ తీస్తే నేను గద్దించాను. పైకి చేరడానికి అరగంట పట్టింది. అరచేతులు ఎర్రగా కందిపోయాయి.

ల్యాబుకు తాళం వేసి ఉంది. కర్రలు అందుకుని లేచి, కిటికీ చువ్వలు పట్టుకుని లోపలికి చూసింది.

"గా పొడుగ్గున్న గాజుగొట్టమేంది సారూ?"

"బ్యూరెట్."

"పుస్తకంల బొమ్మ జూసిన."

చాలాసేపు అలాగే నిలబడింది. కిందికి దిగాక నేరుగా క్లర్కు దగ్గరికి వెళ్లింది. "బీఏ రాయుండ్రి సార్."

"తొందరపడకమ్మా, ఎక్కగలిగావు కదా" అన్నాను.

"ఎక్కుడు అయితది సారూ. రోజూ మంది సూస్తుంటె ఎక్కుడు కాదు."

పన్నెండున్నరకు సంతకం పెట్టింది. రెండింటి బస్సులో తిరుగుముఖం పట్టాం. దారిలో యాదమ్మ ఫోన్ చేసింది. "సీటు పక్కా అయిందమ్మా" అంది స్వరూప. ఏ సీటో చెప్పలేదు.

ఇలాంటి పిల్లను ఎవరైనా కాలేజీకి తీసుకెళ్తుంటే, ఫీజు ఎంతని అడిగే ముందు క్లాసులు ఏ అంతస్తులోనో అడగండి. నేను అడగలేదు. ఫీజు పోగైతే చదువు వచ్చేసినట్టే అనుకున్నాను.

ఇస్మాయిల్‌ఖాన్‌పేట దారి దాటాక స్వరూప నా వైపు తిరిగింది.

"బీఏ సదివితె ఏమైతరు సార్?"

ఆ పిల్లతో కెమిస్ట్రీ గురించి గంటలకొద్దీ మాట్లాడినవాణ్ని. బీఏ గురించి ఒక్కసారీ మాట్లాడలేదు. "టీచర్ కావచ్చు" అన్నాను.

"మంచిదే" అని కిటికీ వైపు తిరిగింది.