మా ఆయన చూడని పందెం

మా ఆయనకి సైకిలంటే ప్రాణం. సైకిల్ పందెం చూడటమంటే మాత్రం నిద్ర. ఈ రెండో సంగతి బయట ఎవరికీ తెలియకుండా పదకొండేళ్ళు కాపాడుకుంటూ వచ్చాం. కాపాడింది నేను, పేరు ఆయనది.

ఆయన సైకిళ్ళు బాగుచేస్తారు. ఇంటి ముందుగదే షాపు. దానికీ వెనకగదికీ మధ్య తలుపు లేదు, ఒక పల్చటి పరదా ఉంది. పరదాకి ఇవతల నా కుట్టుమిషను, దానికి ఎదురుగా టీవీ. నేను స్కూలు పిల్లల యూనిఫారాలు కుడతాను. ఆయనకి యాభై ఆరేళ్ళు. ఇప్పటికీ తెల్లవారకముందే లేచి, ముప్ఫై కిలోమీటర్లు తొక్కి వచ్చి, అప్పుడు షాపు తీస్తారు. వాన పడినా అంతే, ఒళ్ళు కాలుతున్నా అంతే. పెళ్ళయిన కొత్తలో, ఈయనకి నా మీద కంటే చెయిన్ మీద ధ్యాస ఎక్కువని మా అమ్మ దగ్గర ఏడ్చాను కూడా. తాగుడు కంటే నయం కదే, ఊరుకో అని అమ్మ నవ్వేసింది.

మా ఊళ్ళో సరదాగా సైకిళ్ళు తొక్కే బృందం ఒకటుంది. బ్యాంకు మేనేజరు గారు దానికి పెద్ద. పళ్ళ డాక్టరమ్మ, ఇంకో పదిమంది. తొక్కడం అయ్యాక మా షాపు ముందు ఆగి, ఫ్లాస్కుల్లో తెచ్చుకున్న టీ తాగి, మా ఆయన చేత బ్రేకులు సరిచేయించుకుని, కబుర్లు చెప్పుకుంటారు. ఏటా ఎక్కడో విదేశంలో మూడు వారాలపాటు, రోజుకో దారిలో, ఒక పెద్ద పందెం జరుగుతుంది, టీవీలో చూపిస్తారు. ఆ రోజుల్లో వాళ్ళ కబుర్లన్నీ దాని గురించే. సైకిల్ గురించి ఇంత తెలిసిన మనిషి పందెం చూడకుండా ఎలా ఉంటాడని వాళ్ళ నమ్మకం. మొదటి ఏడు ఎవరో, నిన్నటిది చూశారా గురువుగారూ అని అడిగితే, చూడలేదనడానికి నామోషీ వేసి ఈయన చూశానన్నారు. అంతే, ఇరుక్కుపోయారు.

పాపం, చూడాలనే ప్రయత్నించారు. ఆ ఛానెల్ పెట్టించారు. కుర్చీ వేసుకుని బుద్ధిగా కూర్చున్నారు. పది నిమిషాలకి గురక. మర్నాడూ అదే వరస. ఆకలితో ఉన్నవాణ్ణి కూర్చోబెట్టి ఇంకొకరు తిన్నట్టుంది, ఎవరో తొక్కుతుంటే మనం చూడటమేమిటి అని విసుక్కునేవారు. మిషను దగ్గరున్న నేను మాత్రం చూస్తూ ఉండిపోయాను. పుట్టి బుద్ధెరిగాక సైకిలెక్కిన దాన్ని కాదు. అయినా నాకు నచ్చింది. గెలిచేవాళ్ళ కంటే ముందు సీసాలు మోసేవాళ్ళు అర్థమయ్యారు. వెనక వచ్చే కారు దగ్గరికి వెళ్ళి, నీళ్ళ సీసాలు చొక్కాలో కుక్కుకుని, మళ్ళీ ముందుకి తొక్కి, తమ జట్టు నాయకుడికి అందిస్తారు. ఎదురుగాలికి అతనికి అడ్డంగా ఉండేదీ వాళ్ళే. చివర్లో దండ అతని మెడలో పడుతుంది. ఇదెక్కడో చూసినట్టుందే అనుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

అలా మొదలైంది మా ఏర్పాటు. సాయంత్రం పందెం నేను చూస్తాను. ఎవరు ముందు పడ్డారో, ఎవరి టైరు పేలిందో, కొండ మీద ఎవరు వెనకబడ్డారో భోజనాల దగ్గర ఆయనకి చెప్తాను. మర్నాడు పొద్దున ఆయన అది అప్పజెప్తారు. నేను నాలుగు మాటలు చెప్తే నాలుగే చెప్పేవారు. ఐదోది చెప్తే ఎక్కడ దొరికిపోతామోనని భయం. నిజం చెప్పాలంటే బృందంలో సగం మంది పందెం చూడరని నాకు గట్టి అనుమానం. ఇక్కడ మా ఆయన దగ్గర విని, ఆఫీసులో తాము చూసినట్టు చెప్పుకునే బాపతు. తొక్కేవాళ్ళందరికీ చూడటం ఇష్టమై ఉండాలని ఎవరు పెట్టారో గానీ ఆ రూలు, అందరూ దానికి భయపడి చచ్చేవారు.

ఈ ఏడు చివరి రోజు, ఆదివారం సాయంత్రం, పందేన్ని ఊళ్ళో ఒక హాలు తీసుకుని పెద్ద తెర మీద అందరం కలిసి చూద్దామని మేనేజరు గారు ఏర్పాటు చేశారు. మైకు పట్టుకుని వివరించేది మా ఆయన. ఆయన్ని జీవితంలో ఎవరూ ఏ వేదికా ఎక్కించలేదు. ఆ మాట విన్నప్పటి నుంచి కాళ్ళు నేల మీద ఆనలేదు. పక్కన కూర్చుని చెవిలో చెప్తూ ఉండాలని నా దగ్గర ముందే మాట తీసుకున్నారు. నాకూ సంతోషంగానే ఉంది, శనివారం దాకా.

శనివారం పొద్దున డాక్టరమ్మ టీ తాగుతూ, మేడం కూడా చూస్తారా అని మాటవరసకి అడిగింది. మా ఆయన స్పానర్ తిప్పుతూనే, "ఆవిడకవేం తెలుస్తాయండీ. ఆవిడ లోకమంతా ఆ మిషనే" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. దాచుకోవడం సరే, నా ముక్కలు అప్పజెప్పుకుంటూ నన్ను చూసే నవ్వడమా? ఆ రోజంతా ఆ నవ్వు కడుపులో పెట్టుకునే కుట్టాను. రెండు చొక్కాలకి చేతులు తిరగేసి కుట్టి మళ్ళీ విప్పుకున్నాను.

ఆ సాయంత్రం పందెంలో పొడుగాయన రెండోవాడిగా వచ్చాడు. అసలు పేరుకి ఎవరికీ నోరు తిరగదు కాబట్టి బృందమంతా అతన్ని పొడుగాయన అనే అంటారు. ఈసారి మొత్తం మీద గెలిచేది అతనేనని అందరి అంచనా. భోజనం దగ్గర మా ఆయన, ఇవాళ ఏమైంది అని అడిగారు.

"పొడుగాయన మానేశాడు. కొండ మీద దిగిపోయి వ్యాన్ ఎక్కేశాడు" అన్నాను, తల ఎత్తకుండా.

తొక్కలేక దిగిపోయినవాళ్ళని ఎక్కించుకోవడానికి పందెం వెనకాలే ఒక వ్యాన్ వస్తూ ఉంటుంది. ఆ వ్యాన్ సంగతి తప్ప ఇంకో ముక్క చెప్పలేదు. రేపు నలుగురిలో నాలుక్కరుచుకుంటే అప్పుడు తెలుస్తుంది నా విలువ అనుకున్నాను. ఆయన సగం తిని చెయ్యి కడుక్కున్నారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అది చూసి నాకు హాయిగానే అనిపించింది.

ఆదివారం బృందమంతా వచ్చింది. నిన్నటి విశేషాలేంటి గురువుగారూ అని మేనేజరు గారు అడిగారు. ఎప్పుడూ పని చేస్తూనే మాట్లాడే మనిషి, చేతిలోది పక్కన పెట్టేసి చెప్పడం మొదలుపెట్టారు.

"పొడుగాయన దిగిపోయాడండీ. దిగాక ఎవరూ ఏమీ అనరు. వీపు మీద నెంబరు పీకేస్తారు. సైకిల్ని వ్యాన్ పైన తిరగేసి కడతారు. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. డ్రైవరు మన మొహం చూడడు. వేరే దారి లేదు, ఆ వ్యాన్ ఆఖరి గీత మీంచే పోవాలి. అక్కడ ఇంటివాళ్ళు నిలబడి ఉంటారు కదా. వాళ్ళకి కనబడకుండా సీట్ల మధ్య నేల మీద పడుకోవాలి. అందరూ వచ్చేశాక కూడా వాళ్ళు అలా చూస్తూనే ఉంటారు."

మిషను మీద నా కాలు ఆగిపోయింది. నేను చెప్పింది రెండే రెండు ముక్కలు. ఇవి నావి కావు.

బయట డాక్టరమ్మ, అదేంటి, నిన్న ఆయన రెండోవాడిగా వచ్చాడుగా అంటూ ఫోన్ తీసి చూపించింది. ఒకరి తర్వాత ఒకరు చూశారు. నవ్వులు మొదలయ్యాయి. నేల మీద పడుకోబెట్టారా గురువుగారూ, భలే సినిమా తీశారు అన్నారు మేనేజరు గారు కళ్ళు తుడుచుకుంటూ. హాల్లో మైకు డాక్టరమ్మకిద్దాంలే అని కూడా అన్నారు. వాళ్ళెవరిదీ చెడ్డ మనసు కాదు. మా ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వబోయారు, నవ్వు రాలేదు.

నేను పరదా తప్పించుకుని వెళ్ళాల్సింది. ఆ అబద్ధం నాదని ఒక్క మాట అనాల్సింది. అంటే ఇన్నేళ్ళూ ఆయన పందెం చూడనేలేదని బయటపడిపోతుంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సాకు. అంతమంది నవ్వుతుంటే వాళ్ళ ముందుకి వెళ్ళే ధైర్యం లేకపోయింది. వాళ్ళు వెళ్ళిపోయేదాకా చేతిలో గుడ్డ పట్టుకుని అక్కడే కూర్చున్నాను.

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. మెలకువగా ఉన్న రోజున కూడా, టీవీలో ఆ వ్యాన్ కనబడగానే షాపులో ఎవరో పిలిచారంటూ ఈయన లేచి వెళ్ళిపోయేవారు. కుర్రతనంలో ఒకసారి పందెంలో తొక్కానని పెళ్ళయిన కొత్తలో అన్నారు. ఎన్నోవాడిగా వచ్చారని ఇరవై ఎనిమిదేళ్ళలో నేను అడిగిన పాపాన పోలేదు.

షాపులోకి వెళ్ళేసరికి ఆయన తిరగేసిన సైకిల్ ముందు ఉత్తినే కూర్చుని ఉన్నారు.

"ఆ అబద్ధం నేను కావాలనే చెప్పానండీ. నిన్న మీరు నవ్వారని" అన్నాను.

ఆయన ఎదురుగా ఉన్న చక్రాన్ని ఒకసారి చేత్తో తిప్పి వదిలారు. నేనే మళ్ళీ అడిగాను. "ఆ గీత దగ్గర ఎవరు నిలబడ్డారు?"

"నాన్న. తువ్వాలు పట్టుకుని. తాళ్ళూ గుంజలూ పీకేసి అందరూ వెళ్ళిపోయినా అక్కడే ఉన్నాడంట."

తిడతారని నిలబడ్డాను. తిడితే బాగుండేది. ఆయన తల ఎత్తారు.

"అయితే పొడుగాయన నిజంగా దిగిపోలేదా?"

"లేదండీ. గీత దాటడం నేను చూశాను."

ఆయన పెద్దగా ఊపిరి వదిలారు. "పోన్లే. పాపం, అతని కోసం ఎవరొచ్చి నిలబడ్డారోనని నిన్నటి నుంచీ ఒకటే బెంగ" అన్నారు.

ఆ మనిషి ముందు నిలబడటానికి నాకు మొహం చెల్లలేదు.