కప్పతల్లి హిందూపురం ప్రయాణం

ఆ రోజుల్లో నాకు రెండే పిచ్చులు. ఒకటి కొత్తగా కుట్టించుకున్న టెర్లిన్ ప్యాంటు, రెండోది కప్ప చర్మం. మొదటిది హిందూపురం కాలేజీలో డెమాన్‌స్ట్రేటరుగా చేరిన సంతోషంలో వచ్చింది. రెండోది బెంగుళూరులో విన్న ఒక ఉపన్యాసంతో పట్టుకుంది. జీవకణం చుట్టూ ఉండే సన్నటి పొరలో ప్రొటీన్లు కాపలావాళ్లలా నిలబడి, ఎవరిని లోపలికి పంపాలో ఎవరిని ఆపాలో చూస్తాయట! (ఆనాటికి అది సగం రుజువు, సగం ఊహ. నాకు మాత్రం వేదం.) కప్ప చర్మాన్ని ఉప్పునీళ్లు పోసిన రెండు గాజుగొట్టాల మధ్య బిగిస్తే ఉప్పు ఒకవైపు నుంచి రెండోవైపుకే ప్రయాణం కడుతుంది. ఆ ప్రయాణంలో పుట్టే కరెంటుకు గాల్వనామీటరు ముల్లు కదులుతుంది. ఈ సంగతి విన్నప్పటినుంచి నాకు అన్నం సయించలేదు.

ఆ ఉపన్యాసం చెప్పినాయనే పెద్దసారు. నేను రాసిన పదకొండు ఉత్తరాలకు విసిగిపోయి చివరికి ఒక కార్డు ముక్క రాశారు. మంగళవారం హిందూపురంలో దిగుతాను, సాయంత్రం రైలుకు వెళ్లిపోతాను, ఈలోగా ముల్లు కదిలించి చూపిస్తే పరిశోధనకు చేర్చుకుంటాను అని. నేల మీద నిలిచానా! గొట్టాలు కడిగాను, ఫిజిక్సు వాళ్ల కాళ్లావేళ్లా పడి గాల్వనామీటరు తెచ్చాను. అన్నీ ఉన్నాయి, కప్ప లేదు. రెండేళ్లుగా వానల్లేవు. మా జువాలజీ సీసాల్లో కప్పలకు కొదవ లేదు గానీ అవన్నీ ఫార్మలిన్‌లో పరమపదించినవి. ధర్మవరంలో పట్టునూలు అద్దకంవాళ్ల కాలువలో కప్పలున్నాయని ఎవరో చెబితే ఆదివారం అక్కడికి పరుగెత్తాను. ఎర్రనీళ్లు కనిపించాయి, పచ్చనీళ్లు కనిపించాయి. కప్ప మాత్రం కనిపించలేదు.

సోమవారం పొద్దున పెనుకొండ దగ్గర మా అవ్వ ఊరికి వెళితే, వీధిలో నడుస్తోంది నా కప్ప! అంటే, రోకలి మధ్యలో తడిబట్టతో, వేపమండలతో కట్టి ఆడవాళ్లు ఊరేగిస్తున్నారు. వానలు రాకపోతే మా వైపు కప్పతల్లిని ఇలా ఇల్లిల్లూ తిప్పుతారు. ప్రతి ఇంటివాళ్లూ దాని మీద, మోసేవాళ్ల మీద చెంబెడు నీళ్లు గుమ్మరిస్తారు. ఆ గుంపుకు పెద్ద మా అవ్వే. ఎండిపోయిన బావిలోకి దిగి, బురద తవ్వి ఆ ఒక్క కప్పనూ పట్టించిందీ ఆవిడే. దాన్ని ఇమ్మని నేను బతిమాలితే, ‘‘ఇస్తాగానీ, ముందు నువ్వూ రోకలి మొయ్యాల. బుధవారం పొద్దు మునిగేలోపల ప్రాణంతో తెచ్చి మా బాయిలో వదలాల’’ అంది. తల ఊపాను. చర్మం ఒలవాల్సి ఉంటుందన్న చిన్న సంగతి మాత్రం చెప్పలేదు. నలభై గడపలు, నలభై చెంబులు. టెర్లిన్ ప్యాంటు త్వరగా ఆరుతుందన్న మాట నిజమేనని ఆ రోజే తెలిసింది.

మంగళవారం పొద్దున కప్పతల్లిని టిఫిన్ క్యారియరులో పెట్టుకుని రైలెక్కాను. పక్కనున్న రైతు అందులో ఏముందని అడిగి, చెప్పగానే చెప్పులు విడిచి దండం పెట్టాడు. ‘‘ఏమప్పా, పోతాపోతా మా ఊరు పరిగిలో రొంతసేపు దిగి పోరాదా?’’ అన్నాడు. సైన్సు చదివినవాణ్ణి కదా, లోపల నవ్వుకున్నాను.

పెద్దసారు వచ్చారు, గొట్టాలు చూసి మెచ్చుకున్నారు, కత్తెర నా చేతికిచ్చారు. మూత తీశాను. ఒళ్లంతా పసుపు, నడినెత్తిన కుంకుమ, గొంతు కొట్టుకుంటూ నన్నే చూస్తోంది. కత్తెర బల్ల మీద పెట్టేశాను. అవ్వ బావిలోకి దిగడం, నేను తల ఊపడం, అన్నీ చెప్పేశాను.

‘‘ఇంకో కప్ప లేదా?’’

‘‘లేదు సార్.’’

‘‘అయితే ముల్లు కదలదు’’ అని ఆయన సంచి సర్దుకున్నారు. నా బతుకు ఆ సంచిలోకి వెళ్లిపోయినట్టనిపించింది, నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు ఉరిమింది. ఉరమడమేమిటి, ఆకాశం చిల్లు పడ్డట్టు మూడు గంటలు ఏకధాటిగా కురిసింది. రోడ్డు వాగైంది, రైలు తప్పిపోయింది, సారు ఉండిపోయారు. తెల్లవారేసరికి నేలలో దాక్కున్న కప్పలన్నీ పైకొచ్చి కాలేజీ వరండాలో మీటింగు పెట్టాయి! ఏ మొక్కూ లేని ఒక అనామక కప్పను పట్టి, చర్మం బిగించి, తీగలు కలిపాను. ముల్లు కదిలింది. కదిలి, అక్కడే నిలబడింది! నేను గెంతాను. పెద్దసారు కూడా గెంతారు (తరువాత ఎప్పుడూ ఒప్పుకోలేదు).

ఆ ఊపులోనే కప్పతల్లిని తీసుకుని అవ్వ ఊరికి పరుగెత్తాను. దుమ్ము లేచిపోతోంది. ఒక్క చినుకు కూడా పడలేదక్కడ. అరుగు మీద ఆడవాళ్లంతా వరసగా కూర్చుని ఉన్నారు.

‘‘మేం మోసిన కప్పను యాడికో ఎత్తుకపోయి, మా వాన హిందూపురంలో దించొచ్చినావే’’ అంది అవ్వ. కప్పను బావి బురదలో వదిలాను. దాన్ని ఎందుకు తీసుకెళ్లానో అవ్వకు చెప్పాలి కదా అని, చర్మంలో సన్నటి వాకిళ్లుంటాయని, వాటి దగ్గర కాపలావాళ్లుంటారని, వాళ్లు తెరిస్తేనే ఉప్పు లోపలికి పోతుందని వివరించాను. అవ్వ శ్రద్ధగా విన్నది.

‘‘అయితే మా ఊరి వాకిలికాడ ఎవురుండారో కనుక్కోరా. వానను లోపలికి రానీకుండా ఉండాడు’’ అంది.

కనుక్కుంటానన్నాను. ఇరవై రెండేళ్ల వయసు, ఏమైనా కనుక్కోగలనన్న పొగరు. తరువాత ముప్ఫై ఏళ్లు ఆ పొరల కాపలావాళ్లతోనే గడిపాను. ఉప్పును పంపేవాడెవడో, చక్కెరను ఆపేవాడెవడో చాలామందిని గుర్తుపట్టాను. అవ్వ అడిగినవాడు మాత్రం ఇంతవరకు దొరకలేదు. ఇప్పటికీ పక్క ఊళ్లో వాన పడి మా అవ్వ ఊళ్లో పడలేదని వింటే, మొట్టమొదట టిఫిన్ క్యారియరుతో రైలెక్కిన దొంగ ఎవడా అనే ఆలోచిస్తాను.