నేను రాయించని పేరు

మా బాపు దర్జీ. మాది లక్సెట్టిపేటకు ఆరేడు కిలోమీటర్ల దూరంల చిన్న ఊరు, దుకాణం మాత్రం పేటల, బజారు సందుల ఉండె. రెండు మిషిన్లు పక్కపక్కన వేస్తే, కొలతలిచ్చే మనిషి నిలబడేటంత జాగ మిగిలేది. వెనుక గోడకు కిటికీ లేదు. ఒక మిషిన్ మీద బాపు, ఇంకో మిషిన్ మీద బాపు దోస్తు, నేను చాచా అని పిలిచే ఆయన. ఇరవై ఏండ్లు ఇద్దరి మోచేతులు తగులుకుంటనే పని నడిచింది. బాపు కత్తిరిస్తే చాచా కుట్టేటోడు. చాచాది పేటనే. ఇంట్ల ఉర్దూ, దుకాణంల తెలుగు, కోపమొస్తే రెండూ. నేను డిగ్రీ చదివే రోజుల్ల కాలేజి అయినంక దుకాణంల కూసోని గుండీలు కుట్టేదాన్ని. "బేటీ, దారం పొడుగు తీసుకుంటే పని జల్ది కాదు, చిక్కు పడుతది" అని నాకు సూది పట్టుడు నేర్పింది ఆయనే.

ఆ యేడు చలికాలంల బాపుకు దగ్గు పట్టుకున్నది. ఊర్లె ఆర్‌ఎంపీ డాక్టరు సిరప్ ఇచ్చిండు, సూది వేసిండు. తగ్గినట్టే తగ్గి మళ్ల మొదలయ్యేది. "పొద్దంత గుడ్డల నూగు గొంతులకు పోతది. దగ్గు రాకుంట ఎట్లుంటది?" అని బాపే తేల్చేసిండు. పైజామా నాడ బిగిచ్చి కట్టుకుంటుండు, అన్నం సగం పళ్లెంల వదిలేస్తుండు. మేం చూస్తనే ఉన్నం. పెండ్లిళ్ల పని తలమీదున్నది కదా, అలసట అనుకున్నం.

అప్పుడే సర్కారు దవాఖాన తరఫున ఇల్లిల్లు తిరిగి అడుగుతుండ్రు. మా వాడల ఆశ వర్కర్‌గ చేసే అక్క రిజిస్టర్ పట్టుకొని మా ఇంటికొచ్చింది.

"చిన్నవ్వా, మీ ఇంట్ల ఎవలకన్న రెండు వారాలు దాటి దగ్గున్నదా? సాయంత్రం పూట జరం వచ్చుడు, బరువు తగ్గుడు, గిట్ల?"

"ఎవలకు లేదు బిడ్డా. అందరం మంచిగనే ఉన్నం" అన్నది అవ్వ. అమ్మను నేను అట్లనే పిలుస్త.

ఆ మాట పూర్తికాకముందే లోపలి అర్రల బాపు దగ్గిండు. ఆపుకుందామని చూసిండు, ఆగలే. అక్క రిజిస్టర్ మూసి గడప మీద కూసున్నది. "దగ్గు కాకా, ఆపుకోకు. అయినంక మాట్లాడుదం" అన్నది.

రెండు చిన్న డబ్బాలిచ్చింది. ఒకటి అప్పటికప్పుడు, ఇంకోటి తెల్లారి లేవంగనే తెమడ తీసియ్యాలన్నది. ఆ డబ్బాలు తనే దవాఖానకు పట్టుకపోయింది. మరునాడు సాయంత్రం వచ్చినప్పుడు వాకిట్ల ఏం మాట్లాడలే. లోపలికొచ్చి తలుపు దగ్గరికేసి చెప్పింది.

"టీబీ ఉన్నది కాకా. ఆర్నెల్లు గోలీలు మింగితే పోతది. పరీక్షలు, మందులు అన్నీ సర్కారే ఇస్తది. ఫికర్ చెయ్యకు."

బాపు గోడకు ఒరిగి కూసున్నడు. తర్వాత మాకెన్నడూ చెప్పని ముచ్చటొకటి చెప్పిండు. ఆయన చిన్నగున్నప్పుడు పెద్దన్నకు ఇదే రోగమొచ్చిందట. ఊరోళ్లు ఊకోకపోతే చేను కాడ గుడిసె వేసి ఆయన్ను అండ్ల ఉంచిండ్రట. మా నాయనమ్మ పొద్దుమాపు గిన్నె తీసుకపోయి దూరం నుంచే పెట్టి వచ్చేదట. ఆయన పోయినంక ఆ గిన్నెను కూడ ఇంట్లకు రానియ్యలేదట.

"ఇప్పుడు గట్ల లేదు కాకా" అన్నది అక్క. బాపు తలకాయ ఊపిండు గాని నమ్మలేదని నాకు తెలుస్తనే ఉన్నది.

అక్క కాయిదం తీసి రాసుకున్నది. ఇంట్ల ఎవలెవలున్నరు? అవ్వ, నేను. మా ఇద్దరికి మంచిర్యాలల ఎక్స్‌రే తీపియ్యాలె, రోగం లేకపోతే రాకుంట ఉండేందుకు మాకు కూడ గోలీలిస్తరన్నది. తర్వాత నా దిక్కు తిరిగింది, ఇంట్ల చదువుకున్నదాన్ని నేనే కాబట్టి.

"దుకాణంల మీ బాపు పక్కపొంటి ఎవలన్న కూసుంటరా చెల్లె? గంటలకొద్ది ఒక్క అర్రల ఉండేటోళ్లు? వాళ్లను కూడ చూడాలె."

బాపు నా మొఖం చూసిండు. ఆ చూపుల హుకుం లేదు. బతిలాడుడే ఉన్నది.

"ఎవలు లేరక్కా. బాపు ఒక్కడే కుడుతడు."

ఆమె పెన్ను ఆపింది. "ఒక్కడేనా? మంచిగ యాది చేసుకో."

"ఒక్కడే" అన్న.

ఎందుకన్ననో ఇన్నేండ్లకు కూడ ఒక్క మాటల చెప్పరాదు. చాచా ఎవలకు చెప్పేటోడు కాదు. గాని ఆయన పరీక్షకు పోతే చాచీకి తెలుస్తది, చాచీ నుంచి వాడకు, వాడ నుంచి బజారుకు. ఎదురుంగ హోటల్ల బాపుకు గ్లాసు వేరే పెడ్తరు. పెండ్లి బట్టలు ఇచ్చినోళ్లు వాపస్ తీసుకపోతరు. ఇవన్నీ బాపు భయాలు. నాది ఇంకో తెలివి. గోలీలు మొదలుపెడితే కొన్ని దినాల్లనే రోగం అంటుడు తగ్గుతదని దవాఖాన గోడ మీద చదివిన. ఇగ చాచాకేం కాదు అనుకున్న. అంతకుముందు రెండు నెలలు ఆ కిటికీ లేని అర్రల బాపు దగ్గింది లెక్కల పెట్టుకోలే. నాకు పనికొచ్చే సగమే చదివిన.

బాపు కొన్ని రోజులు ఇంటికాడనే ఉన్నడు. టైఫాయిడ్ అని చాచాకు కబురు పెట్టినం. మూడో రోజుకే చాచా మోసంబీ పండ్లు, బ్రెడ్డు పట్టుకొని వచ్చిండు. బాపు పక్కన చాప మీద కూసున్నడు.

"నోటికి గా దస్తి ఎందుకు కట్టినవ్ భాయ్?"

"గాలి తగలొద్దని డాక్టర్ అన్నడు."

"దుకాణం ఫికర్ వద్దు. నేనున్న కదా" అని బాపు మోకాలు మీద చెయ్యి పెట్టిండు. అవ్వ చాయ్ పెడుతనని వంటింట్లకు పోయి చానసేపు బయటికి రాలే.

మొదట్ల ఆ గోలీలు బాపును సతాయించినయ్. కడుపుల తిప్పేది, వాంతులయ్యేవి, మూత్రం ఎర్రగ వస్తే రక్తమనుకొని పరేషాన్ అయ్యిండు. "అది గోలీల రంగే కాకా" అని అక్క రోజు పొద్దున వచ్చి ఎదురుంగ నిలబడి మింగిపిచ్చేది. నెల తిరిగేసరికి దగ్గు పోయింది, ఆకలి వచ్చింది, బాపు దుకాణానికి పోవుడు మొదలుపెట్టిండు. మా ఎక్స్‌రేలల్ల ఏం లేదన్నరు. ఇంట్ల పీడ పోయినట్టు అనిపించింది.

రంజాన్ వచ్చింది. చాచా సన్నగైతుండు. "రోజాలు పట్టి ఉపాసముంటుండు కదా" అన్నడు బాపు. పండుగ అయిపోయింది. చాచా ఇంకా సన్నగైతనే ఉన్నడు. ఒకరోజు గుండీలు కుడుతుంటే చూసిన, ఆయన తొడుక్కున్న అంగీకి రెండు పక్కల కొత్తగ కుట్లు పడ్డయ్. తన అంగీని తనే లోపలికి పట్టుకొని కుట్టుకున్నడు.

"చాచా, డాక్టర్ దగ్గరికి పోరాదు?"

"పోయిన బేటీ. సిరప్ ఇచ్చిండు. గుడ్డల నూగుతోని వచ్చిన దగ్గన్నడు."

అవే మాటలు మా ఇంట్ల విన్న. ఇంటికొచ్చి బాపును అడిగిన. "చెప్దాం బాపు. అక్కకు చెప్తే చాలు, ఆమె చూసుకుంటది."

"బడులు తెరిచే ముంగట యూనిఫాంల పని ఉన్నది. అది అయిపోనియ్యి. నేనే తోలుకపోత" అన్నడు. నేను సరేనన్న. నాకు నోరు లేక కాదు. చెప్తే మొదలు బయటపడేది నా అబద్ధమే. రంజాన్ నుంచి వానకాలం దాక నేను ఊకున్న. ఇందుల బాపు తప్పెంతో నాది అంతకన్న తక్కువ కాదు.

యూనిఫాంలు ఇంకా అయిపోలే. ఒకనాడు మిట్టమధ్యాహ్నం బాపు ఆటో దిగి ఇంటికొచ్చిండు. ఆ యాళ్ల ఎప్పుడు రాడు. చెప్పులిడువకుంటనే అరుగు మీద కూసున్నడు.

"చాచాకు దగ్గుల రక్తం పడ్డది" అన్నడు.

నేను అక్క కోసం ఉరికిన. ఆమె అంగన్‌వాడీల పిల్లల బరువులు తూస్తుంది. ఆమె ముంగట నిలబడి చెప్పిన, దుకాణంల ఇంకో మనిషి ఉన్నడని, ఇరవై ఏండ్లనుంచి ఉన్నడని, ఇప్పుడు రక్తం పడ్డదని. ఆమె చేతిలున్న పిల్లను తల్లికిచ్చింది.

"నిన్ను రెండుసార్లు అడిగిన చెల్లె" అన్నది.

తిడితే బాగుండు అనిపించింది. చెప్పులేసుకొని "నడువు" అన్నది.

పేటల చాచా వాడకు వేరే ఆశ వర్కర్ ఉన్నది. ఆమెను కూడ తోలుకొని ముగ్గురం పోయినం. చాచా మంచం మీద ఉన్నడు. ఆయన బిడ్డ కాన్పుకొచ్చి ఇంకా అక్కడనే ఉన్నది. ఐదు నెలల పసిపిల్ల ఉన్నది. రోజు పొద్దుమీకి చాచా ఆ పిల్లను రొమ్ము మీద ఏసుకొని నిద్రపుచ్చుతడట. చాచీ ఆ మాట మురిపెంగ చెప్పింది. అక్క ఒకసారి పిల్లను చూసింది, ఒకసారి నన్ను చూసింది.

తెమడ పరీక్ష అయ్యింది. చాచాకు రెండు పక్కల ఊపిరితిత్తులకు రోగం పాకింది. షుగర్ కూడ ఉన్నదని అప్పుడే బయటపడ్డది, ఆయన ఎన్నడు చూపిచ్చుకోలే. పసిపిల్లకు రోగం లేదన్నరు, గాని రాకుంట ఉండేందుకు ఆర్నెల్లు రోజు గోలీ నీళ్లల్ల కరిగిచ్చి పట్టియ్యాలన్నరు. పిల్ల కక్కేది, తల్లి ఏడ్చుకుంట మళ్ల పట్టేది.

"మా ఇంటికి ఇదెక్కడ్నుంచి వచ్చింది? మేం ఎవలకేం చేసినం?" అని చాచీ అడిగింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్న.

"గాలిల వస్తదమ్మా. ఎవలకన్న రావచ్చు" అన్నది అక్క. బయటికొచ్చినంక నాతోని అన్నది, "ఒకల రోగం ఇంకొకలకు మేం చెప్పొద్దు. చెప్పుడా, ఊకునుడా, అది మీ మీదనే ఉన్నది."

బాపు చెప్తడని పది దినాలు చూసిన. ఆయన చాచా ఇంటికి పాలు, గుడ్లు పంపిస్తుండు. చెప్తలేడు. చివరికి దవాఖానల చాచా మందుల కోసం వరుసల కూసున్న రోజు పక్కన కూసోని నేనే చెప్పిన. టైఫాయిడ్ అబద్ధమని, కాయిదంల ఆయన పేరు నేనే రాయియ్యలేదని.

చాచా అడిగిండు. "మీ బాపు చెప్పమన్నడా, నువ్వే చెప్తున్నవా?"

"నేనే."

"టైఫాయిడ్ అంటే నేను మోసంబీలు పట్టుకొచ్చిన" అన్నడు. అంతే. తర్వాత ఆయన పేరు పిలిచిండ్రు, గోడ పట్టుకొని లేచి పోయిండు. నేను చెయ్యి ఇయ్యబోతే వద్దన్నడు.

వారం తిరక్కముందే చాచా అల్లుడు ఆటో తెచ్చి మిషిన్ తీసుకపోయిండు. బాపు చాచా ఇంటికి పోతే "పండుకున్నడు" అని చాచీ పరదా వెనుక నుంచే చెప్పింది. మళ్ల పోతే మళ్ల అదే మాట. బాపు నాతోని మాట్లాడుడు బంద్ పెట్టిండు. అన్నం వడ్డిస్తే తింటుండు, కావాల్సింది అవ్వను అడుగుతుండు. అవ్వ ఇద్దరి మధ్యల నలిగిపోయింది. బాపు మందులు పూర్తయినయ్, తెమడల ఏం లేదన్నరు. ఆ రోజు కూడ ఇంట్ల ఎవలు సంబురపడలే.

చాచా బతికిండు. షుగర్ వల్ల ఆలస్యమైంది గాని రోగం పోయింది. అయితే ఒకపక్క ఊపిరితిత్తి గుంజుకపోయింది, అది మళ్ల మునుపటిలెక్క కాదట. నాలుగడుగులేస్తే ఆయాసం. మిషిన్ తొక్కుడు చాతనైతలేదని ఇంట్ల మోటరు పెట్టుకొని రైకలు, దిండు గలీబులు కుడుతుండు. పసిపిల్ల మంచిగనే ఉన్నది, నడుస్తుంది.

మందులు అయిపోయినోళ్లను కూడ దవాఖానోళ్లు అప్పుడప్పుడు పిలిచి చూస్తరు. ఏడాది తర్వాత అట్ల ఒకనాడు మా బాపు, చాచా ఒక్కటే బల్ల మీదికి వచ్చిండ్రు. మధ్యల ఒక మనిషి పట్టేటంత జాగ వదిలి కూసున్నరు. నేను చీటీ పట్టుకొని పక్కన నిలబడ్డ.

"షుగర్ ఎట్లున్నది భాయ్?" బాపు అడిగిండు.

"గోలీ మీద నడుస్తుంది."

బాపు ఆయన దిక్కు తిరిగిండు. "తప్పయింది భాయ్. భయపడ్డ."

చాచా నేల దిక్కు చూసుకుంటనే మాట్లాడిండు. "భయం ఎవలకుండది? నాకు చెప్తే నీ పక్కన భయపడేటోన్ని. గా పిల్లకేమన్న అయితే ఈ మాట నాకెట్ల చెప్తుంటివి?"

చాచాను లోపలికి పిలిచిండ్రు. ఆయన బయటికొచ్చేదాక మా పని అయిపోయినా బాపు కదల్లే. చాచా వచ్చిండు, "ఖుదా హాఫిజ్" అన్నడు, బాపుకో నాకో తెల్వదు, అల్లుని బండెక్కి పోయిండు.

ఇప్పుడు బజార్ల ఎదురుపడితే ఇద్దరు నిలబడి మంచిచెడ్డ అడుగుతరు. దుకాణం మెట్టు మాత్రం చాచా ఎక్కలే. బాపు రమ్మని అనలే.

ఆనాడు దవాఖాన నుంచి వాపస్ వచ్చేటప్పుడు ఆటోల బాపు నాతోని అన్నడు, "నువ్వు చెప్పుడే మంచిదైంది బిడ్డా." ఏడాదిల ఆయన నన్ను బిడ్డా అన్నది అదే మొదలు. ఆ మాట కోసం ఎన్నో దినాలు చూసిన, తీరా విన్నంక లోపల ఏం తేలిక కాలే. ఆటోల ఇంకో నలుగురు మనుషులున్నరు. వాళ్ల ముంగట రోగం పేరు తియ్యకుంటనే ఊరి దాక పోయినం.