ఉప్మాకి పోయిన మహారాజు

మొన్న బంద్ రోజున నేనొక మహారాజుని ఇచ్చి ప్లేటు ఉప్మా తిన్నాను. జరిగింది జరిగినట్టే చెబుతున్నాను. ఏళ్ళ తరబడి పత్రికలో డెస్కు మీద కూర్చుని పక్కవాళ్ళ అతిశయోక్తులు కొట్టేసిన వాణ్ణి. ఇందులో కొట్టేయడానికి ఏమీ దొరకలేదు.

ఇప్పుడు నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీలో ఇంజనీర్లు రాసిన ఇంగ్లిషు దిద్దుతుంటాను. తీరిక దొరికితే పాత కాగితం డబ్బులు పోగేస్తాను, అదీ కరువు రోజుల కాగితాలే. రెండో ప్రపంచ యుద్ధం నాడు లోహం చాలక చిల్లర నాణేలు మాయమైపోతే, కొన్ని చిన్న సంస్థానాలు అట్టముక్కల మీద అణా, అర్ధణా అని అచ్చేసి జనం చేతిలో పెట్టాయి. బస్సు టికెట్టంత ఉంటాయి. నాణేలు మళ్ళీ కనబడగానే జనం వాటిని పారేశారు. ఎవరైనా పారేయడం మరిచిపోయారేమోనని నాలాంటివాళ్ళం వెతుకుతుంటాం.

అలాంటిది ఒకటి కూకట్‌పల్లిలో సుబ్బారావు గారి దగ్గర ఉంది. ఆయన బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. గులాబీరంగు అణా అట్ట, మధ్యలో తలపాగా, కోరమీసాలతో మహారాజు. దాన్ని చూడనిస్తారు గాని ముట్టుకోనివ్వరు. మా ఆఫీసు స్కానర్ మీద బొమ్మ తీసుకుని ఇచ్చేస్తానని నేను నెలల తరబడి వేధిస్తే చివరికి ఒప్పుకున్నారు. ఇచ్చేముందు నాచేత సబ్బుతో చేతులు కడిగించారు.

“పేపర్లో పనిచేసిన మనిషని నమ్మి ఇస్తున్నానండీ. ఆ ప్లాస్టిక్ కవర్లోంచి అనవసరంగా తీయకండి” అన్నారు.

ఆ రోజుల్లోనే మా క్యాంటీన్‌లోనూ చిల్లర కరువొచ్చింది. తెలంగాణ కోసం బంద్ మీద బంద్. బస్సులు లేవు, బ్యాంకులు లేవు, చిల్లర ఎటునుంచీ రాదు. క్యాంటీన్ కాంట్రాక్టరు అట్టముక్కల మీద ‘క్యాంటీన్ - పది రూపాయలు’ అని స్టాంపు గుద్దించి చిల్లర బదులు ఇవ్వడం మొదలుపెట్టాడు. అవీ గులాబీరంగే. అందరూ తిట్టుకుంటుంటే నేనొక్కణ్ణే మురిసిపోయాను. చరిత్ర నా కళ్ళ ముందు, అదీ సాంబారు గిన్నె పక్కన, పుడుతోంది కదా. మంచివి ఏరి దాచుకునేవాణ్ణి. కౌంటరు దగ్గరుండే మల్లేశ్‌ది బోరబండ. అతనికి నా వాలకం అంతుపట్టేది కాదు. గవి తినేటందుకు సార్, దాసుకునేటందుకు కాదు అని నవ్వేవాడు.

బంద్ నాడు పొద్దున్నే, రోడ్లు మూసేయకముందే ఆఫీసు చేరాను. మహారాజుని స్కాన్ చేశాను. మధ్యాహ్నం కూకట్‌పల్లి వెళ్ళి అప్పగించాలని జేబులోనే పెట్టుకుని క్యాంటీన్‌కి వెళ్ళాను. చాయ్‌కి నోటిస్తే మల్లేశ్ చిల్లరగా సరికొత్త కూపన్ ఇచ్చాడు. స్టాంపు రెండుసార్లు పడింది. అచ్చుతప్పున్న కాగితం దొరికితే పోగేసేవాడికి పండగ. ఇది నలిగిపోతే ఎలా? కవరు ఒక్కటే ఉంది. ఒక్క నిమిషానికే కదా అని మహారాజుని తీసి జేబులో వదిలి, క్యాంటీన్ కూపన్‌ని కవర్లో పడుకోబెట్టాను.

ఇంతలో నేను చెప్పిన ఉప్మా వచ్చింది, ఫోనూ వచ్చింది. ఏయే రోడ్లు మూశారని మా ఆవిడ అడుగుతోంది. ఫోను చెవికి ఆనించుకుని, జేబులోంచి గులాబీరంగు అట్టముక్క తీసి మల్లేశ్ చేతిలో పెట్టాను. ఉప్మాలో ఉప్పు తక్కువైంది. అది మాత్రం వెంటనే గమనించాను.

మధ్యాహ్నం ఒక సహోద్యోగి బండి మీద సందుల్లోంచి కూకట్‌పల్లి చేర్చాడు. సుబ్బారావు గారు బల్ల మీద తెల్లటి తువ్వాలు పరిచి, పట్టకారుతో కవర్లోంచి కూపన్ తీసి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.

“మహారాజు గారు లేరండీ” అన్నారు. ఇంకాసేపు చూసి, “క్యాంటీన్ అని ఉందండీ” అన్నారు.

ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని నాలో నేనే ఆరా తీసుకున్నాను. ప్రతి ప్రశ్నకీ జవాబు నేనే అయ్యాను. మా క్యాంటీన్‌లో వాడిన కూపన్లని ఊచకి గుచ్చుతారు. మళ్ళీ ఎవరూ వాడకుండా సాయంత్రం కాంట్రాక్టరు వచ్చి చింపేస్తాడు. ఆ సంగతి చెప్పేసరికి ఆయన పట్టకారు జేబులో వేసుకుని స్కూటర్ తాళం తీశారు.

హైటెక్ సిటీ దగ్గర కుర్రాళ్ళు రోడ్డుకి అడ్డంగా కూర్చున్నారు. ఈయన గోదావరి యాస వింటే ఏమంటారోనని నాకు లోపల బెరుకు. నేను మాట్లాడతానని చెప్పాను. ఆయన వినలేదు.

“ఈయన నా కూపన్ ఇచ్చేసి ఉప్మా తిన్నాడు బాబూ. అది చింపేసేలోపు తెచ్చుకోవాలండీ.”

ముందు కూర్చున్న కుర్రాడు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. “ఏందన్నా, పెద్దమనిషి కూపన్ మీద తింటవా? పోనియ్యుండ్రిరా.”

వెనకనుంచి ఇంకెవడో మాకూ రెండు ప్లేట్లు పట్టుకరమ్మన్నాడు. అంతమందిలో నా తరపున మాట్లాడినవాడు ఒక్కడూ లేడు.

క్యాంటీన్‌లో ఊచ నిండా గులాబీరంగే. మల్లేశ్ ఒక్కొక్కటే పైకి లాగుతుంటే ఆయన పట్టకారు చేతబట్టి చూశారు. దాదాపు అడుగున దొరికారు మహారాజు. తలపాగా నడిమధ్యన చిల్లు, మీసానికి చట్నీ.

“మీసాలాయన గీయననా? పొద్దున చూసిన సార్. మా సేటు తన ఫొటోనే ఏసి కొత్త కూపన్లు కొట్టిచ్చిండనుకున్న” అన్నాడు మల్లేశ్.

సుబ్బారావు గారు కోప్పడితే నాకు హాయిగా ఉండేది. కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. జేబురుమాలు కొసతో చట్నీ అద్ది, ఆ చిల్లులోంచి వెలుతురు చూశారు. ఎన్నేళ్ళు వెతికితే దొరికిందో నాకు తెలుసు.

“దీనికేమిచ్చావు బాబూ ఈయనకి?” అని మల్లేశ్‌ని అడిగారు చివరికి.

“ప్లేట్ ఉప్మా సార్.”

“వాళ్ళ సంస్థానంలో అణాకి ఉప్మా పెట్టారో లేదో” అంటూ మహారాజుని కవర్లో పడుకోబెట్టుకున్నారు.

కాస్త తేలికపడి రెండు చాయ్‌లు చెప్పాను. యాభై నోటిచ్చాను. చిల్లర లేదు సార్ అంటూ మల్లేశ్ కొత్త కూపన్లు తీశాడు. నేను చెయ్యి చాపేలోపే మధ్యలోకి పట్టకారు వచ్చింది.

“ఆయన చేతికివ్వకు బాబూ” అన్నారు సుబ్బారావు గారు. “ఇలా తే.”