కొస మాట మీరే చెప్పాల

జమ్మలమడుగులో కదులుతున్న బస్సెక్కిన నరసింహులుకు ఒకటే అలవాటు. మొదలుపెట్టిన మాటను చచ్చినా పూర్తి చేయడు.

"ప్రొద్దుటూరుకు ఒక..." అని నోరు తెరిచి నిలబడినాడు.

"టికెట్టు!" బస్సంతా అరిచింది.

"ఏం సామీ, ఆ ఒక్క ముక్కా నువ్వే అంటే నోరు అరిగిపోతాదా?" అన్నాడు కండక్టర్ అబ్దుల్ సలాం.

"అన్నీ నేనే అంటే మీకు పనేం..."

"ఉంటాది!" వెనక సీట్లో ముసలమ్మ అందుకుంది.

అవతలివాడి మాటను లాక్కుని పూర్తి చేయడమంటే ఈ పక్క జనానికి పాయసం తాగినంత ఇష్టం. అందుకే నరసింహులు ఆటలు సాగినాయి. ఒక్క పులివెందులలోనే బెడిసికొట్టబోయింది. అక్కడ ఒక పెండ్లిచూపుల్లో "పిల్ల బంగారం, కాకపోతే కొంచెం..." అని ఆపినాడు. మగపెండ్లివాళ్ళు తలా ఒక అవలక్షణం పూరిస్తాంటే, లోపలినుంచి పిల్లే "సిగ్గు!" అని కేకేసి సంబంధం నిలబెట్టుకుంది.

బస్సులో ఈ తంతంతా పక్కసీట్లో ప్రియదర్శిని కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తాంది. అక్షరాలు కూడబలుక్కోలేని బడిపిల్లల నుంచి మాటలు మరిచిపోయే ముసలివాళ్ళ దాకా, భాష ఎక్కడ ఎందుకు తడబడుతుందో పరిశోధించడం ఆమె పని. సంచినిండా బొమ్మల అట్టలే.

"చిన్నాయనా, మీకు ఇట్లా ఎప్పటినుంచి?"

"పోయిన ఎండాకాలం..."

"నుంచి," అనేసి ఆమే నాలుక కరుచుకుంది.

"మాట తడబడేవాళ్ళను ఎతుక్కుంటా రేపు పులివెందులకు పోతానంటివే, ఎందుకమ్మా? కేసు ఈడే ఉండాది!" అన్నాడు సలాం.

ప్రొద్దుటూరులో నరసింహులుది రవికగుడ్డల అంగడి. ఆయన భార్య సంజీవమ్మ లోపలిగది వాకిలి దగ్గర, సగం తలుపు చాటున కూర్చుని ఉంది. బస్సు దిగి ఆయన వెంటే వచ్చిన ప్రియదర్శిని మొదటి బొమ్మ చూపించింది.

"ఇది తా... తా..." నరసింహులు భార్యవైపు చూసినాడు.

"తాళం!" అంది సంజీవమ్మ.

"ఇది ని..."

"నిచ్చెన!"

ప్రియదర్శినికి అనుమానం వచ్చింది. ఆయన్ను బయట అరుగు మీదికి పిలిచి మిగతా అట్టలు చూపించింది.

"గొడుగు, దువ్వెన, రోకలి, ఒంటె," గుక్క తిప్పుకోకుండా గొణిగినాడు. "నాకేం రోగం తల్లీ! పోయినేడు ఆమెకు మెదడులో రక్తం గడ్డకట్టి మాట పడిపాయ. ఎవరన్నా మాట మొదలుపెట్టిస్తే కొస అందిస్తాది. ఆమెతో మాత్రమే ఇట్లా మాట్లాడితే జాలి పడుతాండామని తలుపేసుకుంటాది. ఊరందరితో ఇట్లాగే మాట్లాడితే..."

ఈ మాట మాత్రం నిజంగానే పూర్తి కాలేదు.

"ఒకప్పుడు బేరంలో ఆమె నోటికి వీధంతా దడుసుకుంటాండె. ఇప్పుడు మనిషొస్తే తలుపు చాటే. తనంతట తాను ఒక్క మాట మొదలుపెడితే చాలు," అన్నాడు లోపలివైపు చూస్తా.

ప్రియదర్శిని నవ్వింది. "కొస ఆమెకు వచ్చేసింది చిన్నాయనా. ఇక మొదలు కూడా ఆమెకే వదిలేయండి. ఎవరన్నా వస్తే మీరు నోరు మూసుకోవాల."

"నేనా?"

"మీరే."

ఉరిశిక్ష విన్నట్టు చూసి, లోపలికి పోయి కూర్చున్నాడు.

అంతలోనే పక్కింటి మాబున్ని కొత్త చీర చంకలో పెట్టుకుని, జత రవికగుడ్డ కోసం వచ్చింది. రోజూ వచ్చే మనిషే కాబట్టి, నరసింహులు ఏదో ఒకటి సగం అంటాడని ఎదురుచూస్తా నిలబడింది. ఆయన కండువా కొస నోట్లో కుక్కుకున్నాడు. బుగ్గలు పూరీల్లా పొంగినాయి. సంజీవమ్మ మొగుణ్ణి చూసింది, మాబున్నిని చూసింది. తలుపు పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"ఏందప్పా, అంగడి తెరిచినట్టా మూసినట్టా?" అంది మాబున్ని.

ఇంకొక్క క్షణం కూర్చుంటే కండువా ఊడి మాట బయటపడేట్టుంది. నరసింహులు గబుక్కున లేచి, చేతికందిన చెప్పు ఒక కాలికి, ఇంకెవరిదో ఇంకో కాలికి తగిలించుకుని మెట్లు దిగినాడు.

ఆయన వెనక, లోపలిగది తలుపు కిర్రుమంది.

"యా... యాడిదీ చీర? రంగు... శానా బాగుండాదే!"

"అబ్బ! ఇన్నాళ్ళకు అడిగితివి తల్లీ!" అంది మాబున్ని.

నరసింహులు వెనక్కి తిరగలేదు. అరుగు మీదున్న ప్రియదర్శినికి పోయొస్తానని కూడా చెప్పలేదు. కండువా నోట్లోనే పెట్టుకుని, కాలికొక రకం చెప్పుతో వీధి మలుపు తిరిగిపోయినాడు.