నీలం పూసిన వాగు

ఈ ఉదయం వాన వెలిశాక మబ్బులు చూద్దామని బీరంగూడలోని మా ఫ్లాటు బాల్కనీ తలుపు తీశాను. కుళ్ళిన ఉల్లిగడ్డలను కిరోసిన్‌లో నానబెట్టినట్టుండే వాసన ఫ్యాక్టరీల వైపు నుంచి గుప్పున కొట్టేసరికి, నోట్లోని చాయ్ సింకులో ఉమ్మేయవలసి వచ్చింది. తడిసిన మట్టి వాసనంటే ప్రాణం పెట్టే మన తరంవాళ్ళకు ఇంతకన్నా ఏవగింపు ఏముంటుంది? కోడలు వచ్చి, "తలుపు మూయుండ్రి అత్తమ్మా, రోజూ ఉండేదే గదా" అంది. ఆ మాట నన్ను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లోకి ఈడ్చుకుపోయింది.

జిన్నారం దగ్గరి ఒక ఊరి బడిలో సోషల్ టీచరుగా చేరినప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు, భూగోళమంటే పిచ్చి. పిల్లల్ని మైదానంలో వెల్లకిలా పడుకోబెట్టి, ఈకల్లా పైన తేలే మబ్బులు కురవవనీ, నల్లగా గోడలా లేచేవే కురుస్తాయనీ చూపించేదాన్ని. ఎండకు ఉబ్బి, చలికి ముడుచుకునే బండలు పొరలు పొరలుగా ఊడి చివరికి ఇసుకవుతాయని వాళ్ళ చేతనే తడిమించి చెప్పేదాన్ని.

ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే తొమ్మిదో తరగతి చేత మట్టితో ఊరి నమూనా చేయించాను. ఎత్తు, వాలు, వాగు, చెరువు, నీరు పల్లానికి పోయే తీరు అన్నీ అందులో ఉన్నాయి. రంగులు వేసే పని ఒక రైతు కూతురిది. ఆ పిల్ల ఎర్రమన్నులో మసి కలిపి వాగుకు తుప్పు రంగు పూసి, ఒడ్డు పొడవునా సున్నంతో నురగ అద్దింది. అచ్చం మా వాగే. ఎగువనున్న మందుల కంపెనీ వదిలే నీళ్ళతో అది అలాగే ఉండేది. దాటిన రోజు సాయంత్రందాకా నా మడమలు దురద పెట్టేవి.

బడికి బెంచీలిచ్చింది ఆ కంపెనీయే. హెడ్మాస్టరు నమూనా చూసి ముఖం మాడ్చుకుని, "ఇదేంది మేడం, కంపెనోళ్ళు గూడ వస్తుండ్రు. జెర మంచిగ చేయిండ్రి" అన్నారు. అంతే అన్నారు. నేనే కుంచె తీసుకుని ఆ తుప్పు మీద నీలం పూశాను.

ఆ పిల్ల పక్కనే నిలబడి చూసింది. "మన వాగు గిట్ల లేదు గదా టీచర్. మొన్న మా బర్రె గా నీళ్ళు తాగే సచ్చిపాయె."

"మ్యాపుల నీళ్ళు నీలంగనే ఉంటయి బిడ్డా" అన్నాను, పాఠం చెప్పే గొంతుతోనే.

కంపెనీ మేనేజరు చప్పట్లు కొట్టాడు. నాకు మెచ్చుకోలు కాగితం ఇచ్చారు, దాన్ని ఇంటికి తెచ్చి అమ్మకు చూపించాను కూడా. తలచుకుంటే ఇవాళ్టికీ నా మీద నాకే రోత. ఆ పిల్ల మళ్ళీ నా క్లాసులో చెయ్యెత్తలేదు. పదో తరగతికి రానేలేదు. పొలం బీడుపడి ఇంటిల్లిపాదీ పటాన్‌చెరు వైపు కూలికి పోయారన్నారు. వెళ్ళి వెతకవలసింది, వెతకలేదు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. నీరు ఆవిరై, మబ్బై, వానై తిరిగి నేలకు చేరుతుందని చెప్పే ప్రతిసారీ, ఏ నీరు అని ఎవరైనా అడుగుతారేమోనని బెదిరేదాన్ని. టీచరు చెప్పింది తప్పని ముఖం మీదే అనగల పిల్ల ఆ రోజుల్లో ఒక్కతైనా ఉండేది. ఇప్పుడు అబద్ధం చెప్పవలసిన అవసరం కూడా ఎవరికీ లేదు, ఎవరూ అడగరు.