చదవకుండా వదిలేసిన చివరి అధ్యాయాలు

రాయ్‌పూర్ వచ్చిన కొత్తలో తెలుగు అక్షరం చూడాలంటే నేను పచ్చళ్ళ కొట్టుకి వెళ్ళాల్సి వచ్చేది. స్టేషన్ దగ్గర సందులో శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒకావిడ ఆవకాయ, అప్పడాలు, కందిపొడి అమ్మేది. తెలుగువాళ్ళమంతా ఆవిడని పిన్నీ అని పిలిచేవాళ్ళం. వాల్తేరు నుంచి వచ్చే పాసింజర్లో సరుకుతోపాటు ఆవిడకి నవలలు కూడా దిగేవి. వాటిని అద్దెకిచ్చేది. పేరున్న నవలలు అద్దాల బీరువాలో పచ్చడి జాడీల పక్కన దుమ్ముపట్టి కూర్చునేవి. చేతులు మారేవి మాత్రం బల్ల కింద రేకుపెట్టెలో ఉండేవి. శృంగార నవల అని అట్టమీద అచ్చువేసేవారు. మేము ‘ఆ పుస్తకాలు’ అనేవాళ్ళం.

నేను నర్సుని. మాది నరసాపురం దగ్గర పల్లె, ఆదివారం చర్చి తప్పని ఇల్లు. అరవై నాలుగులో ఉద్యోగం వచ్చేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. పెళ్ళిమాటలు రెండుసార్లు వచ్చాయి, రాయ్‌పూర్ ఎంత దూరమో కనుక్కుని వెనక్కి పోయాయి. ఆసుపత్రి వెనక నర్సుల క్వార్టర్సులో అయిదో గది నాది. పగలంతా హిందీ, పల్లెల నుంచి వచ్చిన రోగులతో వచ్చీరాని ఛత్తీస్‌గఢీ. తలోవేళ డ్యూటీలు కావడంతో ఒక్కోసారి మూడేసి రోజులు తెలుగులో ఒక్క మాటైనా మాట్లాడే పని పడేది కాదు. రోజుకి పాతికమంది ఒళ్ళు తుడిచేదాన్ని, నాడి చూసేదాన్ని, వీపులకి పౌడరు రాసేదాన్ని. నా చెయ్యి పట్టుకున్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఈ మాట చెప్పుకోవడానికి అప్పట్లో సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు సిగ్గుపడే ఓపిక లేదు.

తెలుగు మర్చిపోకుండా ఉండటానికే ఆ పుస్తకాలు తెచ్చుకుంటున్నానని కొన్నాళ్ళు నన్ను నేనే నమ్మించుకున్నాను. అబద్ధం. అందరూ ఎందుకు తెచ్చుకునేవారో నేనూ అందుకే తెచ్చుకున్నాను. రైల్వే ఆఫీసర్ల భార్యలు, గుమాస్తాలు, శంకర్ నగర్‌లో ఉండే ఒక లెక్కల మాస్టారు, అందరూ ఆవకాయ పొట్లం కింద అదొకటి సంచీలో పెట్టుకుని వెళ్ళేవారు. ఏ పుస్తకం ఎంత బాగా ఆడుతోందో తెలుసుకోవడానికి అట్ట చూడక్కర్లేదు, నూనె మరకలు చూస్తే చాలు.

వాటి రచన సంగతి అడిగితే, చాలామటుకు ఘోరం. రాసేది ఆడపేరుతో మగవాడని అందరికీ తెలుసు. నర్సునైన నాకు ఇంకొంచెం ఎక్కువ తెలుసు. ఆ మహానుభావుడు మనిషి ఒంటిని వెలుతురులో ఎప్పుడూ చూసి ఉండడు. గుండె ఎక్కడుంటుందో కూడా సరిగ్గా తెలియదు. నాయిక ప్రతి నాలుగు పేజీలకీ స్పృహ తప్పుతుంది, ఒక్కరూ నాడి పట్టుకు చూడరు. పడకగది ఘట్టాలన్నీ ఒకే అచ్చులో పోసినవి. రెండు పుస్తకాలు చదివితే మూడోది మనమే రాసేయొచ్చు.

అయినా ఎందుకు చదివేదాన్నంటే, ఆ ఘట్టానికి ముందు పదిహేను పేజీలుండేవి. అందులో ఒక మగవాడు ఒక ఆడదాన్ని అలిసిపోయావా అని అడిగేవాడు. ఆమె చెప్పేదాకా ఆగేవాడు. బీరువాలో ఉన్న గొప్ప నవలల్లో ఆడవాళ్ళు త్యాగం చేసేవారు, దగ్గేవారు, చచ్చిపోయేవారు. తనకేం కావాలో ఒక్కతీ నోరు తెరిచి చెప్పేది కాదు. రేకుపెట్టెలోవాళ్ళు చెప్పేవారు. పోలీసుల భయమో పాపభయమో, చివరి అధ్యాయంలో మాత్రం రచయిత ప్లేటు తిప్పేసేవాడు. నాయికకి జబ్బు చేసేది, లేదా బుద్ధొచ్చేది. నాలుగు పేజీల నీతిబోధ. నాకు ఒళ్ళు మండేది. అప్పటిదాకా ఆమెతో కూర్చుని, ఆఖర్న ఆమెని తిట్టడానికి నేను రాను. అందుకని చివరి అధ్యాయం మొదలవగానే పుస్తకం మూసేసేదాన్ని. ఆ పేజీల మీద నూనె మరకలు కూడా ఉండేవి కావు, కాబట్టి ఇది నా ఒక్కదాని అలవాటు కాదు.

ఆ పుస్తకాలకి అట్టలు ఊడిపోయేవి. పిన్ని పాత క్యాలెండరు కాగితం చుట్టేది. పైగా పాత నవలనే కొత్త పేరుతో మళ్ళీ అచ్చువేసి పంపేవారు. చదివిందే మళ్ళీ తీసుకెళ్ళామని జనం గొడవపడుతుంటే పిన్ని ఒక పద్ధతి పెట్టింది. "ముప్పయ్యో పేజీలో ఎవుల గుర్తు ఆల్లు ఎట్టుకోండమ్మా. అట్టుకెళ్ళేముందు సూసుకోండి. మళ్ళా నా మీద కేకలెయ్యకండి" అంది.

ఒకరు టిక్కు పెట్టేవారు, ఒకరు గీత. నాకు మొదట కూడిక గుర్తు తోచింది. తీరా పెట్టబోతే అది సిలువలా ఉంది. అలాంటి పుస్తకంలో సిలువ వెయ్యడానికి చెయ్యి రాలేదు. చిన్న గుండ్రం చుట్టాను. అప్పటినుంచీ నాది గుండ్రం.

రెండేళ్ళకి ఒక సంగతి గమనించాను. నేను తెచ్చుకునే పుస్తకాల్లో నాకంటే ముందు మూడు చుక్కలు ఉంటున్నాయి. చుక్కల మనిషికి నచ్చినవే నాకూ నచ్చుతున్నాయి. ఆ చుక్కలు ఒకసారి నీలం, ఒకసారి ఆకుపచ్చ, ఒకసారి ఎరుపు. మా ఆసుపత్రిలో పొద్దుటి డ్యూటీ రిపోర్టు నీలం సిరాతో, సాయంత్రం డ్యూటీది ఆకుపచ్చతో, రాత్రిది ఎరుపుతో రాయాలి. నా గుండ్రాలూ ఆ మూడు రంగుల్లోనే ఉండేవి. అంటే చుక్కలు పెట్టేది కూడా మా క్వార్టర్సులో ఉన్న తెలుగు నర్సే. నాతో కలిపి నలుగురం ఉండేవాళ్ళం. ఆ ముగ్గురిలో ఎవరో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకునేది. ఎలా అడగను? అడిగితే నా సంగతి చెప్పుకున్నట్టే. చుక్కల కింద గుండ్రం చుట్టినప్పుడల్లా ఎవరితోనో కూర్చుని టీ తాగినట్టుండేది. ఆ సంతోషంతోనే సరిపెట్టుకున్నాను.

నా పక్క గది, నాలుగోది, తెనాలి వైపు ఆవిడది. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. ఒంటరిదే. పనిలో మహా పద్ధతి. ఏ చార్టూ సగంలో వదిలేది కాదు, ఆఖరి గడి నింపి సంతకం పెట్టాకే కుర్చీలోంచి లేచేది. నాతో పొడిపొడిగా మాట్లాడేది. ఒక యేడు చలికాలం నుంచి ఆదివారం సాయంత్రాలు ఆవిడ గదిలోంచి అల్లం టీ వాసన వచ్చేది. కిటికీలో రెండు గాజుగ్లాసులు బోర్లించి ఉండేవి. వచ్చేవాళ్ళెవరూ నాకు కనిపించేవారు కాదు. ఒంటిపిల్లికి రెండో గ్లాసెందుకో అని నేను మిగతావాళ్ళతో కలిసి నవ్వాను కూడా.

ఒకరోజు దుప్పట్ల గదిలో, ఉతికిన దుప్పట్ల మధ్య ఆ పుస్తకాల్లో ఒకటి దొరికింది. మేట్రన్ హిందీ ఆవిడ. తెలుగు అక్షరాలు చూసి మా నలుగురినీ పిలిపించింది. క్యాలెండరు కాగితం చుట్టిన పుస్తకాన్ని, ఎదురుగా ఉన్నది నేను కాబట్టి, నా చేతిలో పెట్టి ఎలాంటిదో చదివి చెప్పమంది. "సిస్టర్, పఢ్‌కే బతాయియే. కైసీ కితాబ్ హై?"

నేను ముప్ఫయ్యో పేజీ తీశాను. చేతులకి అలవాటై అదే పేజీ వచ్చింది. మూడు చుక్కలు, కింద నా గుండ్రం. ఆ గదిలో తెలుగు రానిది మేట్రన్‌కి ఒక్కదానికే. ఇంటి కథల పుస్తకమండీ అంటే సరిపోయేది. మిగతా ముగ్గురిలో ఎవరూ కాదనేవారు కారు. ఇది నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలిసింది ఒక్కటే, ముందు తిట్టినవాళ్ళ మీద అనుమానం రాదని.

"గందీ కితాబ్ హై" అన్నాను, రోత పుస్తకమని. అక్కడితో ఆగినా బాగుండేది. ఇలాంటివి చదివే ఆడదాని చేత్తో రోగులకి మందు తాగించకూడదని, అలాంటిదాని పక్కన కూర్చుని నేను అన్నం కూడా తిననని, హిందీలో ఒకసారి, మావాళ్ళ వైపు తిరిగి తెలుగులో ఒకసారి చెప్పాను. గొంతు బాగా పలికింది. తెనాలి ఆవిడ నేల చూస్తూ నిలబడింది. పుస్తకం ఎవరిదో ఎవరూ చెప్పలేదు. ఇంకోసారి దొరికితే ఉద్యోగం ఊడుతుందని చెప్పి మేట్రన్ దాన్ని బాయిలర్లో వేయించింది.

ఆ ఆదివారం పక్క కిటికీలో ఒక్క గ్లాసే ఉంది. చూశాను, ఏమీ అనుకోలేదు. ఆ తర్వాత రేకుపెట్టెలో ఒకే ఒక్క కొత్త పుస్తకంలో మూడు చుక్కలు కనిపించాయి. మళ్ళీ ఎప్పుడూ కనిపించలేదు. ఎండాకాలం దాటకుండా తెనాలి ఆవిడ బదిలీ పెట్టించుకుంది. రిక్షా దాకా ఆవిడ పెట్టె నేను మోశాను. "ఒక్కదానివే ఉండకు అమ్మాయ్. ఎవరితోనన్నా మాట్టాడతా ఉండు" అంది. "అలాగే సిస్టరుగారూ" అన్నాను. రిక్షా మలుపు తిరిగాక, ఎందుకో, ఆ చుక్కలు ఆవిడవేనేమో అనిపించింది. అనుమానమే. అడిగే వీలు లేదు, అడిగే మొహమూ లేదు. ఉత్తరం రాద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఎనిమిదేళ్ళకి ఆవిడ పోయిందని ఆసుపత్రిలో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను.

ఆ తర్వాత కూడా ఆ పుస్తకాలు చదివాను. నా గుండ్రం ఒక్కటే ఉండేది. రుచి పోయింది. మెల్లగా మానేశాను.

తొంభై ఎనిమిదిలో రిటైరయ్యి దేవేంద్ర నగర్‌లో ఒక గది తీసుకున్నాను. అదే యేడు పిన్ని కొట్టు మూసేసింది. టీవీలొచ్చాక పుస్తకాలు అడిగేవాళ్ళు లేరు. రేకుపెట్టె రిక్షాలో వేయించుకుని తనే వచ్చింది. "నువ్వు సదివినన్ని ఇంకెవులు సదివినారమ్మా. పారెయ్యడానికి మనసొప్పనేదు" అంది. ఇంగువ వాసన ఇంకా పోలేదు.

చెయ్యడానికి పనేమీ లేదు. చదివినవే మళ్ళీ చదివాను. ఇప్పుడు చివరి అధ్యాయాలు కూడా చదివాను. ఈ వయసులో నీతిబోధలు నన్నేం చేస్తాయి? మూడో పుస్తకంలో కథ అయిపోయాక, ఖాళీగా మిగిలిన సగం పేజీలో ఆకుపచ్చ సిరాతో రాసి ఉంది.

"గుండ్రం పెట్టే ఆవిడకి. మీదీ మా సిరాయే కాబట్టి దగ్గర్లోనే ఉంటారనుకుంటాను. ఆదివారం సాయంత్రం అల్లం టీ. కిటికీలో రెండు గ్లాసులుంటాయి." కింద మూడు చుక్కలు.

పెట్టంతా కింద గుమ్మరించాను. ఇంకో ఆరింటిలో ఉన్నాయి. ఒకదాంట్లో "పోయిన వారం కూడా చూశాను" అని. ఒకదాంట్లో "రావడానికి మొహమాటమైతే రెండో గ్లాసు నిలబెట్టి వెళ్ళండి, అర్థం చేసుకుంటాను" అని. ఏ పుస్తకాన్నీ సగంలో వదిలే మనిషి కాదు ఆవిడ. అందరూ ఆఖరిదాకా చదువుతారనుకుంది. ఈ పుస్తకాలన్నీ నా తలగడ పక్కన ఉన్నవే. నాలుగేసి పేజీలు తిప్పలేదు నేను.

ఆఖరి పుస్తకంలో ఎర్ర సిరా. అక్షరాలు హడావిడిగా ఉన్నాయి.

"గుండ్రం ఆవిడకి. ఇక రావద్దు. నా పక్క గది అమ్మాయి ఇలాంటివి చదివేవాళ్ళని మనుషుల్లో లెక్కెయ్యదు. మీరెవరో తెలిస్తే బతకనివ్వదు. ఆమె కంట పడకండి. జాగ్రత్త."

నన్ను నా నుంచి కాపాడాలని చూసింది ఆవిడ.

అదే పుస్తకంలో ముప్ఫయ్యో పేజీ తీశాను. మూడు ఎర్ర చుక్కల కింద నా గుండ్రం ఉంది. చక్కగా చుట్టాను.